బరువు మోయని ఎముక

తుంటి మార్పిడిలో అమర్చే లోహం అంత గట్టిదైనప్పుడు దాని చుట్టూ ఉన్న తొడ ఎముక ఎలా విరుగుతుందని ఒక పాఠకుడు అడిగారు. లోహం అంత బిరుసుగా ఉండబట్టే! ఆపరేషన్ సంగతి రెండు ముక్కల్లో ఇదీ: అరిగిన తుంటి బంతిని కోసేసి, కొత్త బంతి తగిలించిన లోహపు కాడను తొడ ఎముక గొట్టంలోకి దించుతారు. 1962లో ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్‌లో జాన్ చార్న్లీ దీన్ని గాడిలో పెట్టాడు. అసలు రుచి లెక్కలో ఉంది. ఎముక గట్టిపొర బిరుసు 15–20 గిగాపాస్కల్స్ అయితే టైటానియం మిశ్రమానిది సుమారు 110, కోబాల్ట్–క్రోమియంది 200 పైనే. బండికి కట్టిన రెండెద్దుల్లో ఒకటి మరీ బలిసినదైతే రెండోది ఊరికే పక్కన నడుస్తుంది. ఎముక స్థితీ అదే, భారంలో అధికభాగం లోహం మీదుగానే కిందికి జారిపోతుంది. పైగా వంగని గుణం కాడ వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది కనుక, 10 మిల్లీమీటర్ల బదులు 14 మిల్లీమీటర్లది వేస్తే అది దాదాపు నాలుగింతలు. పనిలేని ఎముకను శరీరం పోషించదు, కరిగించేస్తుంది. ఈ సూత్రం 1892లో గ్రంథం రాసిన జూలియస్ వోల్ఫ్ పేరిట చలామణి అవుతోంది గానీ ఆయన దాన్ని కచ్చితమైన గణిత నియమమనుకున్నాడు. ఎముక తన పనిని బట్టి తనను తానే దిద్దుకుంటుందని 1881లోనే చెప్పినవాడు విల్హెల్మ్ రూ. అలా పైభాగం పలచబడుతుంది. కాడ కొస దగ్గర మాత్రం లోహం మోసిన భారమంతా ఒక్కసారిగా ఎముక మీద పడుతుంది. బిరుసు ఒక్కసారిగా మారే మెట్టు అక్కడుంది.

కింద పడితే విరుగుతుంది, లోహం తప్పేముందనవచ్చు. నిజమే, ఎక్కువమందికి జరిగేది మామూలు పడటమే. కానీ పడటం దెబ్బనే తెస్తుంది. ఎముక ఎక్కడ పగలాలో తేల్చడంలో ఆ మెట్టుకు పెద్ద వాటా ఉంది. ఆపరేషనైన వారాల్లోనే విరిగితే, పలచబడే వ్యవధి ఏది? అక్కడ పనిచేసేది వేరే బిరుసు: సిమెంటు లేకుండా బిగించిన కాడ, మనిషి తూలినప్పుడు మొద్దులో దించిన ఇనుప మేకులా ఇంకాస్త దిగి ఎముకను చీలుస్తుంది. వయసు మళ్లినవారికి సిమెంటు కాడతో ఈ ముప్పు తక్కువని పలు దేశాల కీళ్ల మార్పిడి రిజిస్టర్లు చూపుతున్నా, అమెరికాలో సిమెంటు లేనివాటిదే హవా! మెత్తటి కాడ చేయరాదా అంటే, చేశారు. 1970లలో స్విట్జర్లాండ్‌లో రాబర్ట్ మాథిస్ ఎముకతోపాటు వంగే ప్లాస్టిక్ కాడ తెచ్చాడు. మెత్తటి కాడ భారాన్నంతా పైనే దింపేస్తుంది, అక్కడ కాడకూ ఎముకకూ మధ్య ఉన్న అతుకు ఆ ఒరిపిడికి తట్టుకోదు. కదిలి కదిలి వదులైంది. విరిగాక వైద్యం సంగతంటారా, ఇలాంటి విరుగుళ్లను విభజించే వాంకూవర్ వర్గీకరణ మొదట ఎక్కడ విరిగిందో చూస్తుంది, కాడ దగ్గరైతే తర్వాత అడిగేది కాడ వదులైందా అనే. వదులైతే ఎముకను బిగించే ప్లేటు ఒక్కటే చాలదు, సాధారణంగా ఇంకా పొడవాటి కాడ వేస్తారు. మెట్టు పోదు, కాస్త కిందికి జరుగుతుంది.