అనుసంధానిత భాగాల సవరణ: విత్తన గొర్రు రూపకల్పనలో మెలకువలు

తెలుగు రాష్ట్రాలలో వేరుశనగను ఖరీఫ్‌లో వర్షాధారంగా 30 x 10 సెం.మీ., రబీలో నీటి వసతి కింద 22.5 x 10 సెం.మీ. దూరంలో విత్తుకోవాలని సిఫారసు చేస్తారు. లెక్క ప్రకారం మొదటి పద్ధతిలో హెక్టారుకు సుమారు 3.33 లక్షలు, రెండవ పద్ధతిలో 4.44 లక్షల మొక్కలు ఉంటాయి. ఈ రెండు అవసరాలను ఒకే ట్రాక్టరు గొర్రు తీర్చగలదు. 22.5 సెం.మీ. ఎడంతో 9 కర్రులు అమర్చినా, 30 సెం.మీ. ఎడంతో 7 కర్రులు అమర్చినా, మొదటి కర్రుకు, చివరి కర్రుకు మధ్య దూరం 180 సెం.మీ. మాత్రమే. అందువలన చట్రం, కర్రు, క్లాంపు, నేల చక్రం రెండు నమూనాలకూ ఉమ్మడి భాగాలవుతాయి. కంప్యూటర్ సహాయంతో ఇట్టి యంత్రాన్ని రూపొందించేటప్పుడు ఉమ్మడి భాగాలను సవరించే విధానంపైనే యంత్రం పనితనం ఆధారపడి ఉంటుంది.

అనుసంధానం అనగానేమి?

క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లలో యంత్రపు ఒక్కొక్క భాగాన్ని విడివిడిగా ఒక ఫైలులో గీసి, వాటన్నిటినీ కూర్పు ఫైలులో చేరుస్తారు. సాధారణంగా కూర్పు ఫైలులో భాగం నకలు ఉండదు. ఆ భాగం ఎక్కడ ఉన్నది, ఏ స్థానంలో అమరినది అనే సూచన మాత్రమే ఉంటుంది. తొమ్మిది కర్రులు కనిపించినా, వాటి వెనుక ఉన్న ఫైలు ఒక్కటే. ఉచితంగా లభించే ఫ్రీక్యాడ్‌లో ఈ లింకు సౌకర్యం 0.19 వెర్షన్ నుంచి ఉన్నది. 2024 నవంబరులో విడుదలైన 1.0 వెర్షన్‌లో కూర్పులకు ప్రత్యేక విభాగాన్ని సాఫ్ట్‌వేర్‌లోనే చేర్చారు.

ఈ ఏర్పాటు వలన శ్రమ తగ్గుతుంది. కర్రు కాడ మందాన్ని 12 మి.మీ. నుంచి 16 మి.మీ.కు పెంచవలసి వస్తే, ఒక్క ఫైలును సవరించిన చాలు, తొమ్మిది కర్రులూ మారతాయి. అయితే అదే ఫైలును వాడుకొనే 7 సాళ్ల గొర్రులో కూడా కర్రులు మారతాయి. రబీ నమూనా కోసం చేసిన మార్పు ఖరీఫ్ నమూనాలోకి చెప్పకుండా ప్రవేశిస్తుంది. కనుక ఏ భాగాన్నయినా తెరిచే ముందు అది ఏయే కూర్పులలో వాడుకలో ఉన్నదో చూసుకోవాలి.

ఒక్క భాగాన్నే మార్చవలసినప్పుడు

ట్రాక్టరు చక్రపు జాడలో నడిచే కర్రులు గట్టిపడిన నేలను చీల్చవలసి ఉంటుంది. వాటికి మాత్రమే బలమైన కాడ కావాలంటే, ఉమ్మడి ఫైలును సవరించరాదు. ఆ కర్రులను ఎంచుకొని, కొత్త పేరుతో వేరు ఫైలుగా విడదీయాలి. సాలిడ్‌వర్క్స్‌లో ఇందుకు ‘మేక్ ఇండిపెండెంట్’ అనే ఆదేశం ఉన్నది. ఎంచుకున్నవి కొత్త ఫైలుకు ముడిపడతాయి, మిగిలినవి పాత ఫైలుతోనే ఉంటాయి.

కూర్పు లోపల సవరణ

క్లాంపు రంధ్రం కర్రు కాడకు సరిపోవాలి. కూర్పును తెరిచి ఉంచి, కాడ అంచును ఆధారంగా తీసుకొని క్లాంపు రంధ్రాన్ని గీయవచ్చు. అప్పుడు కాడ మందం పెరిగితే రంధ్రమూ పెరుగుతుంది. కొలతను అంకెగా టైపు చేసి ఉంటే మాత్రం రంధ్రం పాత కొలతలోనే నిలిచిపోతుంది, వర్క్‌షాప్‌లో కాడ అందులో దూరదు.

ఈ సౌకర్యంలో రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది, క్లాంపు ఏ కూర్పులో గీయబడినదో ఆ కూర్పుపై ఆధారపడుతుంది. 9 సాళ్ల కూర్పు తెరిచి లేకపోతే, 7 సాళ్ల కూర్పులోని క్లాంపు పాత కొలతతోనే ఉండిపోవచ్చు. రెండవది, క్లాంపు కాడపైనా, కాడ తిరిగి క్లాంపుపైనా ఆధారపడితే వలయం ఏర్పడుతుంది. అప్పుడు ఏది ముందు లెక్కించాలో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. ఆధారపడటం ఎల్లప్పుడూ ఒకే దిశలో సాగాలి. సాళ్ల ఎడం, కర్రుల సంఖ్య, కాడ మందం వంటి ముఖ్య కొలతలను ఒక మూల పట్టికలో ఉంచి, భాగాలన్నీ అక్కడి నుంచే కొలతలు తీసుకొనేటట్లు చేయడం మేలు.

తెరపై కనిపించని దోషం

భాగాలన్నీ చక్కగా అమరినంత మాత్రాన యంత్రం సరైనదని భావించరాదు. నేల చక్రం వ్యాసం 40 సెం.మీ. అనుకొందాం. చుట్టుకొలత సుమారు 125.7 సెం.మీ. కాగా, 10 సెం.మీ.కు ఒక గింజ పడాలంటే చక్రం ఒక చుట్టు తిరిగేసరికి సుమారు 12.57 గింజలు రాలాలి. విత్తన పళ్లానికి 18 గుంటలు ఉంటే, చక్రం ఒక చుట్టుకు పళ్లెం సుమారు 0.70 చుట్టు తిరిగేటట్లు పళ్ల చక్రాల నిష్పత్తిని నిర్ణయిస్తారు.

తరువాత ఎవరైనా నేల చక్రం ఫైలును తెరిచి వ్యాసాన్ని 45 సెం.మీ. చేశారనుకొందాం. ఇరుసు, బేరింగు మారలేదు కనుక కూర్పులో ఏ హెచ్చరికా కనిపించదు. కాని నిష్పత్తి పాతదే కనుక గింజల మధ్య దూరం 11.25 సెం.మీ. అవుతుంది. 30 సెం.మీ. సాళ్లలో మొక్కల సంఖ్య హెక్టారుకు 3.33 లక్షల నుంచి 2.96 లక్షలకు, అంటే సుమారు 11 శాతం తగ్గుతుంది. చక్రం జారడం, మొలక శాతం వలన కలిగే నష్టం దీనికి అదనం. మొలకలు వచ్చిన తరువాత గాని ఈ లోపం రైతుకు తెలియదు. అప్పటికి విత్తే అదను దాటిపోతుంది. కనుక ఆకారాలతో పాటు చక్రం వ్యాసం, గుంటల సంఖ్య, నిష్పత్తి మధ్య గల లెక్కను కూడా మూల పట్టికలో సూత్రంగా చేర్చాలి.

వర్క్‌షాప్‌కు పంపే ముందు

- భాగాలన్నిటినీ తెరిచి, కూర్పును పూర్తిగా తిరిగి లెక్కింపజేయాలి.
- రెండు నమూనాలలోనూ సాళ్ల ఎడం, క్లాంపు రంధ్రం, గింజల దూరం కొలిచి చూడాలి.
- కూర్పును దాని భాగాలన్నిటితో కలిపి ప్రత్యేక ఫోల్డరులోకి నకలు చేసి, తేదీ వేసి భద్రపరచాలి. తయారీ ఈ నకలు ప్రకారమే జరగాలి.
- బయటి ఆధారాలను తాత్కాలికంగా ఆపదలిస్తే తాళం వేయాలి. శాశ్వతంగా తెంచితే తిరిగి కలపడం సాధ్యం కాదు.
- ఫైళ్ల పేర్లను, స్థానాలను సాఫ్ట్‌వేర్ బయట మార్చరాదు. అట్లు మార్చితే కూర్పుకు భాగాలు దొరకవు.

తయారైన తొలి యంత్రాన్ని పొలానికి పంపే ముందు నేల చక్రాన్ని నిర్ణీత చుట్లు తిప్పి, రాలిన గింజలను లెక్కించి, మూల పట్టికలోని సంఖ్యతో సరిపోల్చాలి. ఆ రెండూ ఏకీభవించినప్పుడే రూపకల్పన పూర్తయినట్లు భావించాలి.