మరమ్మతు పనుల వల్ల ఆస్తి నష్టం: పరిహారం ఎవరి నుంచి?

ఒక అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు యజమాని స్నానాల గది గచ్చు పగలగొట్టించి కొత్త టైల్స్ వేయిస్తున్నాడనుకుందాం. పని మధ్యలో పైపు పగిలి నీరు కింది ఇంట్లోకి దిగింది. అక్కడ స్లాబు పెచ్చులు ఊడాయి, చెక్క అల్మారా ఉబ్బిపోయింది. కింది ఇంటి యజమానురాలు పైకి వెళ్ళి అడిగితే, "పని చేసింది మేస్త్రీ కదండీ, ఆయన్నే అడగండి" అని జవాబు వచ్చింది. మేస్త్రీ ఫోన్ ఎత్తడం లేదు. పై యజమాని చెప్పిన ఈ జవాబు చట్టం ముందు నిలుస్తుందా?

అపకృత్యాలపై మన దేశంలో సమగ్రమైన శాసనం లేదు. కోర్టులు ఎక్కువగా ఇంగ్లీషు కామన్ లా సూత్రాలను మన పరిస్థితులకు తగినంత మేరకు అనుసరిస్తాయి. స్వతంత్ర కాంట్రాక్టరు చేసిన తప్పుకు పని అప్పగించినవారు బాధ్యులు కారన్నది వాటిలో ఒకటి. పై యజమాని, తెలిసో తెలియకో, ఆశ్రయించినది ఈ సూత్రాన్నే.

అయితే దీనికి మినహాయింపు ఉంది. 1876 నాటి బోవర్ వర్సెస్ పీట్ కేసులో ప్రతివాది తన ఇంటిని పడగొట్టి, పునాదులు తవ్వి తిరిగి కట్టే పనిని కాంట్రాక్టరుకు అప్పగించాడు. పొరుగింటికి ఆధారం కల్పించే బాధ్యత కూడా కాంట్రాక్టరే ఒప్పుకున్నాడు. ఆధారం చాలక పొరుగిల్లు దెబ్బతింది. అయినా ప్రతివాదే బాధ్యుడని కోర్టు తేల్చింది. జాగ్రత్తలు తీసుకోకపోతే పొరుగువారికి సహజంగానే హాని కలిగించే పనిని చేయించేవారు ఆ జాగ్రత్తల బాధ్యతను ఇతరులపైకి నెట్టి తప్పించుకోలేరు. ఇంకొకరి ఇంటి పైకప్పు మీద నీటి పైపులున్న గచ్చును పగలగొట్టడం అలాంటి పనేనని కింది ఇంటావిడ గట్టిగా వాదించవచ్చు. అదే మేస్త్రీ చేతిలోని సుత్తి జారి కింద ఆగి ఉన్న స్కూటరు మీద పడితే సంగతి వేరు. అది పని స్వభావం నుంచి పుట్టిన ప్రమాదం కాదు, పనివాడి యాదృచ్ఛిక నిర్లక్ష్యం.

ఎవరు బాధ్యులో సందేహంగా ఉంటే ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్, ఆర్డర్ 1, రూల్ 7 అనుమతిస్తుంది. ఆచరణలో ఇదే క్షేమం.

విద్యార్థులు పొరబడే అవకాశం ఉన్న చోటు మరొకటి ఉంది. కింది ఇంటావిడ వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చా? మేస్త్రీకి డబ్బిచ్చి పని చేయించుకున్నది ఆమె కాదు కాబట్టి అతని సేవకు ఆమె వినియోగదారు కాదు. ఆమె మార్గం సివిల్ కోర్టే. తన గచ్చు పాడుచేశాడని మేస్త్రీ మీద పై యజమాని మాత్రం రెండేళ్ళలోపు కమిషన్‌లో ఫిర్యాదు చేసుకోవచ్చు.

ఇక రుజువు. చాలా దావాలు బలహీనపడేది ఇక్కడే. పగుళ్ళు పాతవేనని ప్రతివాది అనకుండా ఉండడు. పై అంతస్తులో పని మొదలవుతోందని తెలియగానే మన గోడలు, సీలింగ్ ఫొటోలు తేదీతో తీసిపెట్టుకోవడం ఖర్చులేని జాగ్రత్త. నష్టం జరిగాక రాతపూర్వకంగా తెలియజేయాలి, ఇంజనీరు చేత అంచనా వేయించాలి, రిపేరు బిల్లులు దాచాలి. దావా వేశాక స్థలాన్ని పరిశీలించేందుకు అడ్వకేట్ కమిషనర్‌ను నియమించమని ఆర్డర్ 26, రూల్ 9 కింద కోరవచ్చు. గోడకు సున్నం కొట్టించే ముందే ఇది జరగాలి. అలాగని నీరు కారుతుంటే చూస్తూ కూర్చోకూడదు. నష్టం పెరగకుండా తనవంతు ప్రయత్నం చేయనివారికి ఆ పెరిగిన భాగానికి పరిహారం దక్కదు. పాత అల్మారాకు కొత్త అల్మారా ధర కూడా సాధారణంగా రాదు.

కాలపరిమితి చట్టం, 1963 ప్రకారం ఇలాంటి దావాకు సాధారణంగా మూడేళ్ళ గడువు ఉంటుంది. పగిలిన పైపును సరిచేయకుండా వదిలేసి, నీరు కారుతూనే ఉంటే అది కొనసాగే అపకృత్యం. సెక్షన్ 22 ప్రకారం అది సాగినంత కాలం ప్రతిక్షణం గడువు కొత్తగా మొదలవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: కింది ఇంట్లో ఉన్నది యజమానురాలు కాక అద్దెదారు అయితే, స్లాబుకు ఎవరు, అల్మారాకు ఎవరు పరిహారం కోరవచ్చు? కారణాలు రాయండి.