ఉక్కు నగరం పక్కన సూదీ దారం

1919లో జంషెడ్‌పూర్‌గా పేరు మారిన సాక్చి ఉక్కుకు ప్రసిద్ధి. దాని పొరుగునే, సరాయికేలా-ఖర్సావాన్ జిల్లా కుచాయి అడవుల్లో నల్లమద్ది, తెల్లమద్ది చెట్లపై టసర్ పట్టుపురుగులను పెంచుతారు. టసర్ చీరలకు అందం తెచ్చే కాంథా కుట్టు బెంగాలీ ఇళ్లలో పుట్టింది. పాత చీరలు పొరలుగా పేర్చి మనం బొంత కుట్టినట్టే, సూది పైకీ కిందికీ నడిచే సాదా కుట్టు అది.

మిషను ఎంబ్రాయిడరీ చవకగా దొరుకుతున్నా దీనికి గిరాకీ ఎందుకు? మిషను పైదారాన్నీ అడుగుదారాన్నీ పెనవేసి బిగిస్తుంది. కాంథాలో ఒకే దారం నడుస్తుంది కాబట్టి గుడ్డ మెత్తగా ఉంటుంది, సన్నని అలలు తేలతాయి. మన నరసాపురం లేసు బలమూ ఇలాంటిదే: ఒక్క కొక్కెం, ఒక్క దారం.

అయితే గిరాకీ ఫలం కుట్టిన చేతికి అందాలి కదా! దళారి గుడ్డ, దారం ఇచ్చి చీరకింత అని కూలి కడితే, చీర ధర పెరిగినా ఆమె కూలి పెరగదు. సరుకు తానే కొనుక్కోగలిగితే లెక్క మారుతుంది. హామీ అడగని ముద్రా శిశు రుణం (50,000 రూపాయల వరకు), 1992లో మొదలైన స్వయం సహాయక సంఘాల బ్యాంకు అనుసంధానం ఇందుకు పనికొస్తాయి. ఒక్క జాగ్రత్త: చీర పూర్తయి అమ్ముడయ్యేదాకా పెట్టుబడి అందులోనే ఉండిపోతుంది. కనుక వాయిదా నిర్ణయించే ముందు, ఒక చీరకు ఎన్నాళ్లు పడుతుందో ఆమెను అడిగి తెలుసుకుందాం.