మన వసారాయే స్టూడియో

మా అమ్మమ్మ పోయిన రోజున కంకిపాడులో ఇల్లంతా వెతికినా ఆమె ఫొటో ఒక్కటి దొరకలేదు. చివరకు ఏదో కార్డు మీద అంటించిన, తపాలాబిళ్లంత బొమ్మ కనబడితే, దాన్నే పెద్దది చేయించి గోడకు తగిలించాము. మొహం సగం నీడలో, కళ్లు మూసీ మూయనట్లు, ఎవరో పరాయి మనిషిలా ఉంటుంది ఆ పటంలో. ఎప్పుడూ నవ్వుతూ తిరిగిన మనిషికి మేము మిగుల్చుకున్నది అది!

"ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందిరా" అనేది ఆమె. అసలు సంగతి వేరు. బస్సెక్కి బెజవాడ వెళ్లి, ముక్కూ మొహం తెలియని వాళ్ల ముందు, దీపాల వేడిలో బిగుసుకు కూర్చోవటం ఆమెకు సుతరామూ గిట్టదు.

ఈ సంకోచం కొత్తదేమీ కాదు. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్ దయాళ్, 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచి, దాన్ని ఒక దొరసాని చేతుల్లో పెట్టాడు. స్టూడియోకు రాలేని మనిషి కోసం స్టూడియోనే మారవలసి వచ్చిందన్న మాట. మన ఇంట్లోని పెద్దవాళ్ల కోసం మనమూ ఆ పనే చేయవచ్చు. ఖర్చు దాదాపు సున్న.

కెమెరా సంగతి వదిలేయండి. ఇప్పుడు ప్రతి చేతిలోనూ సెల్‌ఫోను ఉన్నది. కావలసిందల్లా మంచి వెలుతురు. మన కృష్ణా జిల్లా పాత లోగిళ్లలో మండువా ఉండేది గదా! పైనుంచి దిగిన వెలుగు గోడల మీద పడి, మెత్తబడి వసారాల్లోకి వచ్చేది. అంతకన్న మంచి దీపం ఏ దుకాణంలోనూ దొరకదు. మండువా లేదా? వీధి వసారా గాని, ఎండ నేరుగా పడని కిటికీ గాని చాలు. ఉత్తరపు కిటికీ శ్రేష్ఠమని ఐరోపా వారి పుస్తకాలు చెబుతాయి. అది మనకు ఏడాది పొడుగునా చెల్లదు సుమా! మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మనకు మిట్టమధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరంగానే ఉంటాడు. ఆ రోజుల్లో కిటికీకి పలచని తెల్ల గుడ్డ కట్టండి.

కిటికీకి మూడడుగుల దూరంలో పక్కవాటుగా పీట వేయండి. కిటికీ వైపు చెంప వెలుగుతుంది, రెండోది నల్లబడుతుంది. ఆ నల్లబడ్డ వైపున, ఫొటోలో కనబడకుండా, తెల్ల పంచె ఒకటి దండేనికి కట్టి చూడండి. నీడ ఇట్టే కరుగుతుంది. ఇది చిట్కావైద్యం కాదు. 1956లో వచ్చిన సత్యజిత్ రాయ్ "అపరాజితో" చిత్రానికి ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర, స్టూడియోలో వేసిన కాశీ ఇంటి ముంగిట పగటి వెలుగు రప్పించటానికి పైన తెల్ల గుడ్డ పరిచి, దీపాల కాంతిని దాని మీద కొట్టి కిందికి మళ్లించాడు. రాత్రివేళ ఫొటో తీయవలసి వస్తే మీరూ బల్బును మనిషి మీదికి కాక తెల్ల గోడ మీదికి తిప్పండి. బల్బు దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందని మాత్రం మరవకండి.

ఇంకొన్ని జాగ్రత్తలు. పచ్చరంగు, నీలంరంగు గోడల పక్కన కూర్చోబెడితే ఆ ఛాయ మొహానికి ఎక్కుతుంది. పగటి వెలుగులో తీసేటప్పుడు పసుపుపచ్చ బల్బు ఆర్పివేయాలి. వెనక రంగు వెలియని సాదా దుప్పటి ఒకటి కట్టి, మనిషిని దానికి నాలుగడుగులు ముందుకు జరపాలి. ఫోను మొహానికి దగ్గరగా పెడితే ముక్కు పెద్దదవుతుంది. అయిదారడుగుల దూరాన, కళ్ల ఎత్తున పట్టుకోండి. చేయి వణికితే స్టూలు మీద పుస్తకాల దొంతర పేర్చి ఆనించండి.

అన్నిటికన్న ముఖ్యం, "కదలకు" అనకండి. కబుర్లు చెబుతూ తీయండి.

మొన్న సంక్రాంతికి మా అమ్మను వసారాలో అలాగే కూర్చోబెట్టాను. "ఈ వయసులో నాకెందుకురా ఫొటోలు!" అంటూనే చిన్నప్పటి గొబ్బెమ్మల ముచ్చట మొదలుపెట్టింది. నవ్వింది. తీశాను. చూపించగానే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అచ్చం మా అమ్మే" అన్నది. గోడ మీది పటంలో ఇన్నేళ్లుగా మాకు కనబడని అమ్మమ్మ అందులో ఉన్నది.

మీ ఇంట్లోనూ ఉన్నారు గదా పెద్దవాళ్లు. ఈ ఆదివారమే ఆ పంచె దండేనికి కట్టండి.