బరువు తగ్గాక పరుగెందుకు?

1996లో జర్మనీ గ్రీన్స్ పార్టీ నాయకుడు యోష్కా ఫిషర్ బరువు 112 కిలోలు. ఆ ఏడాది భార్యతో ఎడబాటు వచ్చాక ఆయన మద్యం మానేశారు, తిండి మార్చుకున్నారు, అప్పట్లో పార్లమెంటు ఉన్న బాన్ నగరంలో పరుగు మొదలుపెట్టారు. తొలినాళ్లలో కొన్ని వందల మీటర్లకే ఆయాసం. పట్టు వదలకుండా పరిగెత్తి 75 కిలోల దగ్గరికి వచ్చారు.

చాలామంది కథ ఇక్కడితో అయిపోతుంది. అనుకున్న బరువుకు చేరాక తెల్లవారుజామున లేచే అవసరమేమిటో మనసుకు తోచదు. ఫిషర్ మాత్రం హాంబర్గ్ మారథాన్‌ను గురిగా పెట్టుకున్నారు. 1986 యూరోపియన్ పోటీల్లో మారథాన్ కాంస్యం గెలిచిన హెర్బర్ట్ స్టెఫ్నీ దగ్గర శిక్షణ తీసుకుని, 1998 వసంతంలో 42.195 కిలోమీటర్లను 3 గంటల 41 నిమిషాల్లో పూర్తి చేశారు. అదే ఏడాది విదేశాంగ మంత్రి అయ్యారు. తర్వాతి సంవత్సరాల్లో పరుగు తగ్గింది, బరువు మళ్లీ పెరిగింది. అందుకే ఆయన అనుభవం నాకు మరింత విలువైనదిగా అనిపిస్తుంది. ఒక్క మారథాన్ ఎవరినీ జీవితాంతం కాపాడదు. పరుగును ఆగనివ్వని కారణం కావాలి.

బరువు తగ్గుతున్నన్నాళ్లూ ఆ కారణాన్ని తూకం యంత్రమే ఇస్తుంది. వారం వారం అంకె దిగుతుంది, పాత ప్యాంట్లు వదులవుతాయి, పెళ్లిళ్లలో బంధువులు గుర్తుపట్టలేక ఆశ్చర్యపోతారు. కొన్నాళ్లకు ఆ మెచ్చుకోళ్లు ఆగిపోతాయి. శరీరమూ ఎదురు తిరుగుతుంది. లెప్టిన్ హార్మోను తగ్గి ఆకలి పెరుగుతుంది. బరువు తగ్గిన ఒళ్లు కూర్చున్నప్పుడు కూడా ఇదివరకటికన్నా తక్కువ శక్తి ఖర్చు చేస్తుంది. పరుగులోనూ అంతే. స్థూలంగా కిలో బరువుకు, కిలోమీటరు దూరానికి ఒక కేలరీ చొప్పున లెక్కేస్తే, 100 కిలోల మనిషికి 5 కిలోమీటర్లకు 500 కేలరీలు ఖర్చవుతాయి. అదే మనిషి 75 కిలోలకు దిగాక అదే దూరానికి 375 మాత్రమే. తూకం కోసమే పరిగెత్తేవారికి రోజురోజుకూ గిట్టుబాటు తగ్గుతుందన్నమాట. తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా చూడటంలో వ్యాయామం ఎంతో మేలు చేస్తుంది, అందులో సందేహం లేదు. కానీ ఏమీ మారకుండా ఉండటం కోసం చలిలో, ఉక్కలో లేవమంటే మనసు ఒప్పుకోదు.

ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ ర్యాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రేరణ మీద దశాబ్దాల పాటు పనిచేశారు. తానే ఎంచుకున్నానన్న భావన, చేతనవుతోందన్న నమ్మకం, తోటివారితో అనుబంధం, ఈ మూడూ ఉన్న పనిలో మనిషి ఎక్కువకాలం నిలుస్తాడని వారి సిద్ధాంతం. రెండోదాన్ని మారథాన్ శిక్షణ పుష్కలంగా ఇస్తుంది. కిందటి నెల రొప్పుతూ దాటిన దూరాన్ని ఈ నెల పక్కవారితో కబుర్లాడుతూ దాటేస్తాం. తెల్లారి తూకం ఎక్కే అలవాటు మాని, డైరీలో దూరం, సమయం, ఆ రోజు ఒళ్లు ఎలా ఉందో రాసుకోమని నేను గట్టిగా చెబుతాను. శరీరం నుంచి ఎంత తీసేశామన్న లెక్క పోయి, దానికి ఏం చేతనవుతోందన్న లెక్క రావాలి.

మూడోదైన తోడు సంగతి హైదరాబాద్ పరుగువీరులకు బాగా తెలుసు. అక్కడి మారథాన్ ఆగస్టులో. నాలుగు నెలల శిక్షణ అంటే మొదలయ్యేది ఏప్రిల్ ఎండల్లో. అయిదింటికల్లా రోడ్డెక్కకపోతే ఆ రోజుకు పరుగు లేనట్టే. కూడలి దగ్గర మన కోసం ఎవరో ఎదురుచూస్తున్నారంటే అలారం ఆపేసి పడుకోవడం కష్టం. పైగా నగరంలోని ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాలను ఒంటరిగా సాధన చేయడం అలవాటైనవారికి కూడా విసుగే.

తొందరపాటు మాత్రం వద్దు. గుండె, ఊపిరితిత్తులు వారాల్లో మెరుగవుతాయి. ఎముకలకు, స్నాయువులకు నెలలు పడుతుంది. దమ్ము ఉంది కదా అని దూరం ఒక్కసారిగా పెంచితే పిక్క ఎముకో మడమో దెబ్బతింటుంది.

అన్నిటికన్నా కష్టమైనది తిండి. ఏడాది పాటు అన్నాన్ని శత్రువులా చూసినవారికి ఇప్పుడు కడుపునిండా తినమంటే భయమేస్తుంది. కానీ కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా దాచుకున్న పిండిపదార్థం సుమారు 2,000 కేలరీలే. దారిలో ఏమీ తీసుకోకపోతే 30వ కిలోమీటరు దాటాక అది అడుగంటి కాళ్లు మొరాయిస్తాయి. కాబట్టి పందేనికి ముందు రెండు మూడు రోజులు అన్నం, ఇడ్లీ, బంగాళాదుంప కాస్త ఎక్కువే తినాలి. అప్పుడు తూకం ఎక్కితే ఒక కిలో పెరిగినట్టు కనిపించవచ్చు. అది కొవ్వు కాదు, గ్లైకోజెన్, దానితోపాటు కండరం పట్టి ఉంచుకున్న నీరు. ఆ కిలోను చూసి బెంగపడి రాత్రి భోజనం మానేయకండి. మర్నాడు చివరి 12 కిలోమీటర్లకు అక్కరకొచ్చేది అదే.