కొండ దిగునపుడు కాళ్లకు గలుగు దెబ్బలు

నరసరావుపేటకు సమీపముననున్న కోటప్పకొండ మూడు శిఖరములు గలదగుటచే త్రికూటాద్రి యని పేరొందినది. శివరాత్రి తిరునాళ్లకు చుట్టుపట్ల గ్రామములనుండి యెత్తైన ప్రభలు అచటికి వచ్చుట పల్నాటివారెల్లరకు తెలిసినదే. ఇప్పుడు పైకి ఘాటురోడ్డు కలదు గాని, మన విద్యార్థులు మెట్లదారినే పోదమని పట్టుబట్టుదురు. మంచిదే. ఎక్కునపుడు ఆయాసమే గాని దెబ్బలు తక్కువ. దిగునపుడు అలసిన కాలు మడతపడును.

మేమొకసారి విద్యార్థులను వెంటబెట్టుకొని పోయి దిగుచుండగా, పదునాలుగేండ్ల బాలుని పాదము లోపలికి మడతపడెను. నడువగలవా యని యడిగితిమి. నడచెను. అట్లయిన ఎముక విరుగలేదు, బెణికినదంతే యని ధైర్యము చెప్పి, కాలు రుద్దించి, క్రిందివఱకు నడిపించితిమి. మూడవనాడు ఎక్స్‌రే తీయించగా చీలమండ యెముకలో పగులు తేలినది. ఆ తప్పు మాది.

బెణుకనగా ఎముకను ఎముకతో కట్టియుంచు సంధిబంధనములు సాగుట, లేక తెగుట. ఎదుగు పిల్లల యెముకల చివరల, ఎముక పెరుగుటకు ఆధారమైన మెత్తని పొర యొకటి యుండును. అది తఱచు బంధనముకంటె బలహీనము. కావున పెద్దవానికి బెణుకైన దెబ్బయే పిల్లవానికి ఆ పొరను చీల్చవచ్చును.

1992లో కెనడా దేశమందలి ఒట్టావా వైద్యులు సులభమైన పరీక్షను ప్రకటించిరి. పిదప అది పిల్లలయందును పరీక్షింపబడినది. దెబ్బ తగిలిన వెంటనేయు, వైద్యునియొద్దను నాలుగడుగులు వేయలేకున్న ఎక్స్‌రే తీయవలెను. నడచినను, చీలమండ యెముకల వెనుక యంచునో క్రింది కొననో నొక్కినపుడు నొప్పియున్న తీయవలెను. మేము మఱచినది ఈ రెండవ మాటనే.

మోకాలి మాట. పరుగులు, కబడ్డీ ఆడు పదినుండి పదునైదేండ్ల బాలురకు చిప్పక్రింద బొడిపె లేచి నొప్పిపెట్టును. 1903లో బోస్టనులో ఆస్‌గుడ్, జూరిచ్‌లో ష్లాటర్ దీనిని వేర్వేరుగా వర్ణించిరి. ఆట తగ్గించిన చాలును. ఎదుగుదల ముగిసినపుడు సాధారణముగా తగ్గును. కాని మోకాలు మెలిపడి కొద్దిగంటలలో ఉబ్బినచో లోపల రక్తము చేరెనని యనుమానించి వైద్యునికి చూపవలెను.

పాదమున మఱియొక వింత కలదు. పడకయే ఎముక పగులును! 1855లో ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హౌప్ట్, దూరము నడచిన సిపాయిల పాదములు వాచుట వ్రాసెను. 1895లో ఎక్స్‌కిరణములు కనుగొనబడిన తరువాతగాని అది సన్నని పగులని తేలలేదు. నేటికిని రెండు మూడు వారములవఱకు ఆ పగులు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చును. కావున నొప్పి యను బాలుని సోమరియని గద్దింపరాదు.

దెబ్బతగిలిన కాలిని రుద్దరాదు, కాపడము పెట్టరాదు. గుడ్డలో చుట్టిన మంచుగడ్డ పావుగంట యుంచి, కాలెత్తిపెట్టి, కదలకుండ బద్దలతో కట్టవలెను. ఆకుపసరు, కోడిగ్రుడ్డు, వెదురుబద్దలతో వేయు పుత్తూరు కట్టు ప్రసిద్ధము. ఎముకను కదలనీయకుండుట యను దాని మూలసూత్రమును మేము పరిహసింపము. అయితే ఏ కట్టైనను బిగిసిన ప్రమాదము. వ్రేళ్లు నీలమైనను, చల్లబడినను, తిమ్మిరెక్కినను, నొప్పి యోర్వరానిదైనను ఆ క్షణమే కట్టు విప్పి ఆసుపత్రికి కొనిపోవలెను. తల్లులారా, తెల్లవారనిమ్మని యాగకుడు. కొద్దిగంటలలోనే కండ చచ్చును, కాలు పోవును.

మా బాలుడు ఆఱు వారములు పిండికట్టుతో నుండెను. మరుసటియేట మరల కొండ యెక్కెను. దిగునపుడు మాత్రము మా చేతికఱ్ఱ నడిగి పుచ్చుకొనెను.