వేడికీ చలికీ దద్దుర్లా?

పొయ్యి దగ్గర నిలబడితే ముఖం కందిపోయి దురద, ఐసు నీళ్లు తగిలితే దద్దుర్లు... "వేడి చేసిందిలే" అని మజ్జిగ తాగి ఊరుకుంటున్నారా? మన చర్మంలో మాస్ట్ కణాలుంటాయి. (1878లో పాల్ ఎర్లిక్ పెట్టిన పేరిది.) కొందరిలో ఇవి వేడికో, చలికో రెచ్చిపోయి హిస్టమిన్ వదులుతాయి. దురద, వాపు దానివల్లే.

స్నానానికి గోరువెచ్చని నీళ్లు చాలు. వంట చల్లపూటే కానిచ్చేయండి. చేపలు తేగానే ఫ్రిజ్‌లో పెట్టండి. బయట ఉంటే వాటిలో హిస్టమిన్ పెరుగుతుంది, ఎంత ఉడికించినా పోదు. చలి పడనివాళ్లు పుష్కరాలైనా సరే, నదిలో ఒక్కసారిగా మునగొద్దు. దద్దుర్లు ఎప్పుడొచ్చాయో, ఏం తిన్నారో పాలలెక్క రాసే క్యాలెండర్ మీదే రాసుకోండి, డాక్టరుకి చూపించొచ్చు. సెట్రిజిన్ వంటి మాత్రలు డాక్టరు చెప్పినట్టే వేసుకోవాలి. నాలుక వాచినా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా మాత్ర వేసుకుని కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి.